పదమూడు మందీ పలికారు

ఆగస్టు 4

మామయ్యా,

నేను బాగానే ఉన్నాను. మీరూ బాగానే ఉన్నారని మొన్న అమ్మ చెప్పింది కాబట్టి ఆ రెండు వాక్యాలూ దాటేసి నేరుగా పనిలోకి వస్తున్నాను.

నువ్వు ఫోన్ ఎత్తవు కాబట్టి ఈ ఉత్తరం. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇరవై ఏళ్లకు పైగా మెకానిక్‌గా చేసినవాడికి ఫోనంటే చిరాకేమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఈసారి మాత్రం అది నాకే కలిసొచ్చింది. మా మాస్టారికి కాగితం కావాలి, నోటిమాట గాలికి పోతుందంటాడు. ఎవరు ఏ వాక్యం పూర్తిచేసినా వెంటనే "ఆధారం?" అంటాడు కాబట్టి ఆయన్ని మేం ఆధారం మాస్టారంటాం. క్యాంటీన్లో కాఫీ చల్లారిపోయిందని ఒకడంటే దానికీ ఆధారం అడిగాడు.

చరిత్ర మూడో ఏడులో పదకొండు మందిమి ఉన్నాం. ఏడుగురు వేరే సీటు రాక వచ్చారు. ముగ్గురు ఉద్యోగ పరీక్షలకు పనికొస్తుందని వచ్చారు. చరిత్ర కోసం చరిత్రలో చేరింది నేనొక్కదాన్నే. "చచ్చినవాళ్ల సంగతులు చదివి నువ్వేం బతుకుతావే" అని పెద్దమ్మ అన్న రోజు నువ్వొక్కడివే నా తరఫున నోరు విప్పావు. అందుకే ఈ బరువు నీ నెత్తిన పెడుతున్నాను.

ఈ ఏడు ఒక్కొక్కరం నలభై పేజీల పరిశోధన పత్రం రాయాలి. ఏ పుస్తకంలోనూ లేని విషయం కావాలి. ఆ మార్కుల మీదే పీజీ సీటు. నేను మీ ఎక్స్ఛేంజి అగ్నిప్రమాదం తీసుకున్నాను. రికార్డుల ఆఫీసులో విచారణ నివేదిక దొరికింది. నలభై ఒక్క ఏళ్ల కిందటి కాగితం, ఆరు పేజీలు. "మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు మంటలు. ప్రాణనష్టం లేదు. వెనక తలుపు తెరిచే ఉన్నది" అని ఉంది. కానీ నా చిన్నప్పుడు నువ్వు ఏదో మాటల్లో ఆ తలుపుకి తాళం ఉండేదన్నావు. ఏది నిజం? నువ్వు చూసింది చూసినట్టు రాసి పంపు. కథలొద్దు.

నీ కోడలు పిల్ల

(పెద్దమ్మ లెక్కలో, చచ్చినవాళ్ల స్పెషలిస్టు)


ఆగస్టు 12

అమ్మడూ,

ఉత్తరం చేరింది. మీ అత్త రెండుసార్లు చదివి, నా ఫోను చిరాకు దగ్గర రెండుసార్లూ నవ్వింది. వంటవాడికి ఇంటికొచ్చాక పొయ్యి ముట్టించబుద్ధి అవుతుందా? ఇదీ అంతే.

అడిగినవి వరసగా చెప్తాను. మాది రోడ్డు మీద రెండంతస్తుల భవనం. కింద బిల్లులు కట్టే కిటికీలు, బ్యాటరీ గది. పైన కాల్స్ కలిపే బోర్డు గది. బోర్డు ముందు పదమూడు సీట్లు, పదమూడు మంది ఆపరేటర్లు, అందరూ ఆడవాళ్లే. లైను మీద పేరు చెప్పకూడదని రూలు. అది అలవాటై టీ దగ్గర కూడా నంబర్లతోనే పిలుచుకునేవాళ్లు. "మూడూ, నీ కప్పు." "తొమ్మిదీ, కింద మీ ఆయనొచ్చాడు." కొందరి పేర్లు నాకు వాళ్ల రిటైర్మెంట్ రోజున తెలిశాయి.

పైనుంచి దిగడానికి రెండు దారులు. రోడ్డు వైపు వెడల్పు మెట్లు. వెనక వైపు ఇరుకు మెట్లు, అవి దిగితే వెనక ఆవరణలోకి తెరుచుకునే చెక్క తలుపు. ఆపరేటర్లు అటునుంచి టీకి జారుకుంటున్నారని సూపర్‌వైజరు ఆ తలుపుకి బయటినుంచి తాళం వేయమన్నాడు. వేసింది నేను. తాళంచెవి నా జేబులో ఉండేది. తెరిచి ఉందని నివేదికలో రాయించింది ఆ పెద్దమనిషే అయ్యుంటాడు. ఇప్పుడాయన లేడు.

మంట బ్యాటరీ గదిలో మొదలై కేబుళ్ల వెంట ముందు మెట్ల వైపు పాకింది. వెనక తాళమని అందరికీ తెలుసు కాబట్టి ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని ఆ పొగలోనే ముందు మెట్లు దిగారు. సీట్ల జాబితా అచ్చు వేసిన అట్ట ఒకటి గోడకుండేది. దిగేటప్పుడు దాన్ని పీకి చంకన పెట్టుకున్నాను. రోడ్డంతా ఫైరింజన్లు, అందుకని అందరినీ పక్కసందులోంచి వెనక ఆవరణలోకి తీసుకెళ్లి, అట్ట చూసి నంబర్లు పిలిచాను. పదమూడు మందీ పలికారు. లోపల ఎవరూ లేరని ఫైరువాళ్లకి చెప్పింది నేనే. అప్పటికి లోపల గాజు బ్యాటరీ జాడీలు ఒక్కొక్కటే పగులుతున్న చప్పుడు బయటికి వినిపిస్తోంది. అది విని ఐదు ఏడ్చింది. కాసేపటికి వెనక మెట్ల పైకప్పు కూలింది.

నా మొత్తం ఉద్యోగంలో తలెత్తుకుని చెప్పుకునే రోజు ఏదంటే అదే. ఒక్క ప్రాణం పోలేదు.

వానగాలికి కిటికీ మూసుకుని పడుకో.

మామయ్య


ఆగస్టు 20

మామయ్యా,

నీ ఉత్తరం మాస్టారికి ఇచ్చాను. నిలబడే చదివాడు. "బావుంది. రెండో సాక్షి?" అన్నాడు. తాళం సంగతి నువ్వొక్కడివే చెప్తున్నావు, పైగా నువ్వు నా మేనమామవి. ఒకరి మాట వాంగ్మూలమే కానీ రుజువు కాదంటాడు. సర్కారు నివేదికని తప్పని రాయాలంటే సంబంధం లేని ఇంకో మనిషి నోట అదే మాట రావాలట.

పెన్షన్ ఆఫీసు చుట్టూ మూడు రోజులు తిరిగితే మీ ఆపరేటర్లలో బతికున్న నలుగురి అడ్రసులు ఇచ్చారు. ఉత్తరాలు రాశాను. ఒకావిడ జవాబివ్వలేదు. ఒకావిడ కొడుకు "మా అమ్మకి అలాంటివి గుర్తుచేయొద్దు" అని రాశాడు. మూడు, తొమ్మిది మాత్రం రమ్మన్నారు. కానీ ఇద్దరూ ముందే చెప్పేశారు, తాళం తమ కళ్లతో చూడలేదని, ఉందని విన్నారు కాబట్టి అటు పోలేదని.

పత్రం ఇవ్వాల్సింది అక్టోబరు 5న. తాళం లేకపోతే నా దగ్గర మిగిలేది ఒక భవనం కాలింది, అందరూ బాగున్నారు అన్న ముక్క. దానికి నలభై పేజీలెందుకు, పోస్టుకార్డు చాలు. ఇంకెవరైనా తాళాన్ని దగ్గరగా చూసినవాళ్లు గుర్తుంటే చెప్పు మామయ్యా. నిన్న రాత్రి అన్నం దగ్గర ఏడుపొచ్చింది, ఆధారం లేదు, కానీ నిజం.

కోడలు పిల్ల


ఆగస్టు 29

అమ్మడూ,

ఏడవకు. మనిషి దొరికింది.

పద్నాలుగో సీటు ఆపరేటరు. ఇప్పుడు చాలా దూరంలో, కూతురింట్లో ఉంటోంది. కబురు పెడితే ఈ కాగితం రాయించి పంపింది. తనని ఎవరూ కలవకూడదనీ, అడ్రసు ఇవ్వకూడదనీ షరతు పెట్టింది. పెద్దావిడ మాట మన్నించు. ఆమె మాటల్నే కింద ఎక్కిస్తున్నాను.

"నా సీటు వెనక మెట్ల పక్కన. పొగ ముందు వైపునుంచి వచ్చింది కాబట్టి నేను వెనక మెట్లు దిగాను. కింద తలుపు తోస్తే రాలేదు. సందులోంచి చూస్తే బయట తాళం కనపడింది. తట్టాను. బయట ఎవరో అంకెలు పిలుస్తున్నారు. ఒక్కో అంకెకీ ఒక్కో గొంతు పలుకుతోంది. నా వంతు వస్తుందని చూశాను. పదమూడు దాకా పిలిచి ఆపేశారు."

ఇది చాలనుకుంటాను. మార్కులొచ్చాక మీ అత్తకి మొదటి కబురు చెప్పు, నాకంటే ఆవిడే ఎక్కువ కంగారుపడుతోంది.

మామయ్య


సెప్టెంబరు 8

మామయ్యా,

నువ్వు పంపిన వాంగ్మూలం చదివి మా గదిలో ముగ్గురికీ ఒళ్లు జలదరించింది. నా పక్క మంచం అమ్మాయి ఆ రోజు గది తలుపు గడియ పెట్టనివ్వలేదు. ఎవరు ఏమన్నా ఆ తొమ్మిది వాక్యాలు మా బ్యాచ్ మొత్తం పత్రాల పెట్టు.

మూడో నంబరావిడ, తొమ్మిదో నంబరావిడ కూడా పద్నాలుగుని గుర్తుపట్టారు. సన్నగా ఉండేదట. ప్లగ్గులు మారుస్తూ కూనిరాగం తీసేదట, సూపర్‌వైజరు రెండుసార్లు కేకలేశాడట. అంటే మూడు నోళ్లు దొరికాయి.

కానీ మాస్టారు కళ్లజోడు నుదుటి మీదికి తోసి రెండు ప్రశ్నలు వేశాడు. ఒకటి, మీ మామయ్య మొదటి ఉత్తరంలో సీట్లు పదమూడన్నాడు, రెండో ఉత్తరంలో పద్నాలుగో సీటు ఎక్కణ్నించి వచ్చింది? నేను రెండు ఉత్తరాలూ ఇరవైసార్లు చదివాను, నా కంటికి ఆనలేదు. సిగ్గేసింది.

రెండోది అడిగేటప్పుడు ఆయన గొంతు తగ్గించాడు. "కింద తలుపు తాళం. పైన పొగ. తర్వాత మెట్ల పైకప్పు కూలింది. మరి ఈవిడ బయటికెలా వచ్చింది? అది ఇందులో లేదే?"

ఆమెనే అడిగి రెండు ముక్కలు రాయించి పంపు. గడువు దగ్గరికొస్తోంది.

కోడలు పిల్ల


సెప్టెంబరు 15

అమ్మడూ,

నీ మాస్టారు గట్టివాడు. నేను ఓడిపోయాను.

పద్నాలుగు అనే మనిషి లేదు. నేనే కల్పించాను. నువ్వు ఏడ్చావని రాసేసరికి మనసు ఆగలేదు. తాళం నిజం, వేసినవాడిని నేను, ఇంకో నోరు తక్కువైందని నిజం చిన్నదైపోతుందా అనుకున్నాను. ఉన్నవాళ్ల నంబరు వాడితే వాళ్లకి అబద్ధం అంటగట్టినట్టవుతుంది. సీట్లు పదమూడే కాబట్టి పద్నాలుగు ఎవరిదీ కాదని ఆ నంబరు తీసుకున్నాను. నా తెలివి అక్కడే తెల్లారింది. అబద్ధానికి అతుకులు ఎక్కువ. తలుపు దాకా తీసుకెళ్లినవాణ్ని, ఆమెని బయటికి తేవడం మర్చిపోయాను.

మూడూ తొమ్మిదీ గుర్తుపట్టారంటే ఆశ్చర్యం లేదు. డెబ్భై ఏళ్లవాళ్లని పట్టుకుని "ఫలానా ఆవిడ గుర్తుందా?" అని ఆశగా మొహం పెడితే ఎవరైనా ఉందనే అంటారు. మాట నువ్వే అందించి ఉంటావు. దానికి వాళ్లు కూనిరాగం కూడా కలిపారు.

ఆ కాగితం చించెయ్. మాస్టారికి తప్పు నాదని చెప్పు. మీ అత్తకి ఈ సంగతి తెలీదు.

మామయ్య


సెప్టెంబరు 22

మామయ్యా,

కోపంతో రెండు రోజులు కలం పట్టుకోలేదు. చరిత్ర విద్యార్థికి దొంగ సాక్ష్యం ఇవ్వడం అంటే మందుల కొట్టుకి సున్నం బిళ్లలు అమ్మడం లాంటిది. అది నీకు తెలీదనుకోవాలా?

తర్వాత కోపం పోయి వేరే అనుమానం వచ్చింది. మాట నేనే అందించానన్నావు కదా. నా నోట్‌బుక్ తీసి తేదీలు చూశాను. తొమ్మిదో నంబరావిడ విషయంలో నువ్వన్నది నిజం, ఆవిడని అలాగే అడిగాను. కానీ మూడో నంబరావిడ ఇంటికి వెళ్లింది ఆగస్టు 30న. నీ ఉత్తరం నాకు చేరింది సెప్టెంబరు 2న. అప్పటికి పద్నాలుగు అన్న మాట నేనే వినలేదు. ఆవిడ తనంతట తనే చెప్పింది. నోట్‌బుక్‌లో ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తున్నాను.

"వెనకాల మెట్ల దగ్గర ఒక కొత్త పిల్ల కూర్చునేది. పద్నాలుగు అనేవాళ్లం. వచ్చి నెల కూడా కాలేదు. ఫైరయ్యాక మమ్మల్ని పది రోజులు ఇళ్లకి పంపి, తర్వాత మాలో చాలామందిని తలో ఊరి ఎక్స్ఛేంజికి వేశారు. ఆ పిల్ల మళ్లీ కనపళ్లేదు. భయపడి మానేసిందనుకున్నాం."

కాబట్టి ఆమె ఉంది. నువ్వు మొదట నిజం రాసి, ఇప్పుడు అబద్ధం చెప్తున్నావు. ఎందుకో నాకు అర్థమైందనే అనుకుంటున్నాను. అడ్రసు ఇవ్వకపోవడం, చాలా దూరంలో ఉందనడం, ఒక్క కబురుకే ఆమె మనసులో మాట రాసి పంపడం. ఇన్నేళ్లూ ఆమె ఎక్కడుందో నీకు తెలుసు. కుర్రతనంలో ఏదో ఉంటే ఉండనీ మామయ్యా, నేను చిన్నపిల్లని కాదు. అత్తయ్యకి చెప్పనులే. ఆమె ఎలా బయటపడిందో అదొక్కటి కనుక్కో.

కోడలు పిల్ల


సెప్టెంబరు 27

ఏమే,

అత్తయ్యకి చెప్పనని రాసిన ఉత్తరం నేరుగా మీ అత్త చేతికే వచ్చింది. నేను బజారుకి వెళ్లాను. వచ్చేసరికి కుర్చీలో కూర్చుని ఉంది. "దూరమంటే ఎంత దూరం? బస్సులో వెళ్లొచ్చా, రైలెక్కాలా?" అంది. అంతే, రెండు రోజులుగా మాటల్లేవు. ఉప్పు కావాలన్నా గోడకి చెప్తోంది.

బోర్డుకి పదమూడు సీట్లు. ఆ బోర్డు తీగ తీగా నా చేతుల మీదుగా వెళ్లింది. ప్రతి రోజూ చేసిన పని డైరీలో రాసుకోవడం మా ఉద్యోగంలో నియమం. ఆ డైరీలన్నీ అటక మీద డబ్బాలో ఉన్నాయి. దించి, ఆ ఏడాదిది నీకు పోస్టులో పంపిస్తాను. చూసి, నాకూ మీ అత్తకీ ఇద్దరికీ క్షమాపణ రాయి.

మామయ్య


సెప్టెంబరు 29

అమ్మడూ,

డైరీ పంపడం లేదు. నా దగ్గరే ఉంచుతున్నాను, కారణం చెప్తాను.

ఫైరుకి పంతొమ్మిది రోజుల ముందు తేదీ. నా దస్తూరీ, నా పొడి అక్షరాలు. "వెనక మెట్ల పక్క గోడకి తాత్కాలిక సీటు బిగించడమైనది. శిక్షణలో ఉన్న అమ్మాయికి. నంబరు పద్నాలుగు. హెడ్‌సెట్ ఒకటి ఇచ్చాను."

ఇది రాసినట్టు నాకు గుర్తు లేదు. సీటు బిగించినట్టు గుర్తు లేదు. నిన్నంతా కూర్చుని ఆమె ముఖం తెచ్చుకోవడానికి చూశాను. రాలేదు.

మిగతాది ఒకదాని వెంట ఒకటి వచ్చేసింది. నేను చంకన పెట్టుకుని దిగిన అట్ట ఏడాది ముందు అచ్చు వేసింది. అందులో పదమూడే ఉన్నాయి. తాత్కాలిక సీట్లు అచ్చు జాబితాలో ఎక్కించం, ఆనవాయితీ. నేను మనుషుల్ని లెక్కపెట్టలేదు. అట్టని లెక్కపెట్టాను. పదమూడు మందీ పలికారు కాబట్టి మడిచి జేబులో పెట్టుకున్నాను.

వెనక తాళమని అందరికీ తెలుసని రాశాను కదా. వచ్చి పంతొమ్మిది రోజులైన పిల్లకి ఎవరు చెప్పి ఉంటారు?

ఆవరణలో మేం నిలబడింది ఆ తలుపుకి ఇరవై అడుగుల దూరంలో. టక టకమని చప్పుడు. ఐదు ఏడుస్తుంటే, "ఏం లేదమ్మా, బ్యాటరీ జాడీలు పగులుతున్నాయి" అని చెప్పింది నేను. గాజు పగిలితే ఎలా వినిపిస్తుందో బాగా తెలిసినవాణ్ని. అది గాజు చప్పుడు కాదు. ఇప్పుడు చెవిలో వేసుకుని వింటే, అది చెక్క.

కూలిన మెట్లని తవ్వలేదు. వారంలో లైన్లు కలపాలని పైనుంచి ఆర్డరు. పైన మెట్ల నోరూ, కింద తలుపూ ఇటుకలతో కట్టేసి సున్నం కొట్టారు. కొత్త బోర్డు తెచ్చి పైగోడ పక్కనే పెట్టాం. పంతొమ్మిదేళ్లు నా కుర్చీ వీపు ఆ గోడకి ఆనించి పనిచేశాను. ఎండాకాలంలో కూడా చల్లగా ఉండేది. అక్కడ కూర్చోడానికి మాలో మేం వంతులు వేసుకునేవాళ్లం.

ఒక సంగతి మాత్రం నాకు తెలియడం లేదు. నీకు పంపిన కాగితం పది నిమిషాల్లో రాశాను, ఒక్క కొట్టివేత లేదు. సీటు వెనక మెట్ల పక్కన అని ఎందుకు రాశాను? "నా వంతు వస్తుందని చూశాను" అన్న మాట నాకెక్కడిది? మర్చిపోయిందే చెయ్యి రాసిందని మీ అత్త అంటోంది. అయ్యుండొచ్చు. అలా అనుకోవడమే మంచిది.

మీ అత్త నాతో మాట్లాడుతోంది. లైటు ఆర్పడం లేదు.

మామయ్య


అక్టోబరు 6

మామయ్యా,

ముందుగా, అత్తయ్యకి నా తరఫున చెంపలు వేసుకున్నానని చెప్పు. నీకు ఆ మాట ఎలా రాయాలో తెలియడం లేదు.

మాస్టారు గడువు నెల పెంచాడు. కారణం అడగలేదు, ఆధారమూ అడగలేదు, నా మొహం చూసి సంతకం పెట్టాడు.

రికార్డుల ఆఫీసులో పాత పేపర్ల బైండ్లు ఉంటాయి. ఫైరు తర్వాత పదకొండో రోజు, నాలుగో పేజీ, కింద మూల, "కనుపించుట లేదు" ప్రకటన. ఎక్స్ఛేంజిలో శిక్షణలో ఉన్న పంతొమ్మిదేళ్ల అమ్మాయి. "తల్లీ, ఎక్కడున్నా తిరిగి రా. నిన్ను ఎవరూ ఏమీ అనరు" అని తండ్రి వేయించాడు. అడ్రసు ఉంది. వెళ్లాను.

తండ్రి ఎప్పుడో పోయాడు. చెల్లెలుంది. అదే వీధిలో బట్టలు కుడుతుంది. చరిత్ర విద్యార్థినని, పాత ఉద్యోగస్తుల గురించి రాస్తున్నానని చెప్పాను. మిషను ఆపకుండానే మాట్లాడింది. ఫైరయిన సాయంత్రం వాళ్ల నాన్న ఎక్స్ఛేంజికి వెళ్తే సూపర్‌వైజరు జాబితా చూపించాడట. "పదమూడు మందీ క్షేమం. మీ అమ్మాయి నంబరు ఇందులో లేదు, ఇవాళ డ్యూటీకి రానట్టే" అన్నాడట. పనికని చెప్పి పనికి పోలేదంటే ఊరు ఏమంటుంది? లేచిపోయిందంది. మూడు నెలల్లో చెల్లెలికి హడావుడిగా సంబంధం చూసి చేసేశారు.

"ఎక్కడో సుఖంగా ఉండి ఉంటుందిలే అమ్మా. ఈపాటికి మనవలు కూడా పుట్టుంటారు," అంది ఆవిడ. తర్వాత సూదిలోకి దారం ఎక్కించమని నాకిచ్చింది. నాలుగుసార్లు తప్పింది.

నేను చెప్పలేదు మామయ్యా.

నీ సెప్టెంబరు 29 ఉత్తరం ఎవరికీ చూపలేదు. చదువుకునే మూడేళ్లలో మాకు మళ్లీ మళ్లీ చెప్పింది ఒక్కటే, దొరికిన కాగితం దాచకూడదని. నేను దాస్తాను. వేరే అంశం తీసుకుంటాను. పీజీ ఒక ఏడు ఆలస్యమైతే కొంపలు మునగవు. నీకు డెబ్భై రెండేళ్లు. ఆ రోజు ఒక్కటే తలెత్తుకునే రోజని రాశావు. దాన్ని నేను తీసేయలేను. నువ్వు వద్దంటే ఇది ఇక్కడితో ఆగిపోతుంది. ఒక్క మాట రాయి చాలు.

కోడలు పిల్ల


అక్టోబరు 30

అమ్మడూ,

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు బస్సెక్కాను. మీ అత్తా నాతో వచ్చింది. జవాబు ఆలస్యమైంది అందుకే.

ముందు టైలరమ్మ దగ్గరికి వెళ్లాం. పోలీసులకంటే ముందు ఆవిడకి తెలియాలి. డైరీ తెరిచి ఆ పేజీ చూపించాను. అట్ట గురించి, తాళం గురించి, జాడీలని చెప్పిన మాట గురించి చెప్పాను. ఆవిడ మిషను మీదినుంచి కాలు తీసింది. "ఎప్పుడు తవ్వుతారు?" అని మాత్రం అడిగింది.

స్టేషన్లో కుర్రాఫీసరు. "నలభై ఒక్క ఏళ్ల తర్వాత ఇప్పుడెందుకు చెప్తున్నారు?" అన్నాడు.

"ఇప్పుడే తెలిసింది."

"జాబితా పిలిచింది ఎవరు?"

"నేనే."

"తాళం?"

"నేనే."

అతను రాయడం ఆపి, నీళ్లు తాగుతారా అని అడిగాడు. ఏ సెక్షన్ కింద రాయాలో అతనికి తెలియలేదు. చివరికి నేను చెప్పింది చెప్పినట్టు రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. దాని నకలు ఇందులో పెడుతున్నాను. నీ పత్రంలో వాడు. మేనమామ అని రాయకు. మెకానిక్ అని రాయి. అంశం మార్చావంటే నేను వచ్చి నీ మాస్టారితో మాట్లాడతాను.

భవనం ఇప్పుడు ఒక కుర్చీలూ బల్లల వ్యాపారి గోడౌను. అనుమతికి పదకొండు రోజులు పట్టింది. నిన్న ఉదయం పది గంటలకి ఇద్దరు మేస్త్రీలు వెనక ఆవరణలో పని మొదలుపెట్టారు. ఎక్కణ్నించి పగలగొట్టాలని అడిగితే చూపించింది నేనే. ఇటుకలు ఒక్క వరస మందమే. అరగంట పట్టలేదు. ఇటుకల వెనక తలుపు ఉంది. పైభాగం నల్లబడింది, మిగతాది చెక్కుచెదరలేదు. తాళం దాని మీదే ఉంది. ఆఫీసరు దాన్ని కోయించి సంచీలో వేశాడు.

మంట అక్కడిదాకా రాలేదు. కూలిన కప్పు పైమెట్ల మీదే ఆగింది. ఆమె కింది నుంచి రెండో మెట్టు మీద, తలుపు వైపు తిరిగి కూర్చుని ఉంది. పొగకి పోయుంటుందని డాక్టరు అన్నాడు, ఎంతసేపటికో చెప్పలేనన్నాడు. తలుపు లోపలివైపు, చేయి అందే ఎత్తులో, ఒకేచోట చెక్క నునుపుగా అరిగి ఉంది. అది నేను చూశాను. ఇక ఆ విషయం రాయను.

టైలరమ్మ అందరికంటే ముందు లోపలికి వెళ్తానంది. ఆఫీసరు వద్దన్నాడు. మీ అత్త అతని చెయ్యి పట్టుకుని పక్కకి తప్పించింది. ఆవిడ లోపల చాలాసేపు ఉంది. బయటికొచ్చి ఆవరణలో ఉన్న అందర్నీ, మేస్త్రీలనీ గోడౌను మనుషుల్నీ చూస్తూ, పెద్దగా చెప్పింది.

"మా అక్క ఎక్కడికీ పోలేదు. డ్యూటీకే వచ్చింది."

రెండుసార్లు చెప్పింది. తర్వాత నా ఎదుటికొచ్చి నిలబడింది. తిడుతుందనుకున్నాను. చెయ్యి చేసుకున్నా నిలబడాలనుకున్నాను.

"ఆ చెప్పులు నావండీ," అంది. "ముందు రోజే నాన్న కొనిపెట్టాడు. నేను ఒక్కసారి కూడా వేసుకోలేదు. నన్నడక్కుండా వేసుకుపోయింది. సాయంత్రం రానీ, దీని సంగతి చూస్తానని గుమ్మంలో కూర్చున్నాను."

ఏదో ఒకటి అనాలని, ఎంతసేపు కూర్చున్నారమ్మా అని అడిగాను.

ఆవిడ నావైపు వింతగా చూసింది.

"ఇప్పుడే కదండీ లేచింది," అంది.

మామయ్య